నీళ్లు కలిపిన నిమ్మరసం

"ఆ సాల్వెంట్ సీసా నా టేబుల్ మీద పెట్టకు. కంపు!" అంది హుమేరా.

"ఇది లేకుండ మందు తయారైతదా? చట్నీ నూరుతున్నవా ఏంది?" అన్నాడు ముదస్సిర్.

వనపర్తి కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఇద్దరు రీసెర్చ్ స్కాలర్ల పరిచయం అలా గొడవతో మొదలైంది. బీపీ మందులకు పనికొచ్చే కాంపౌండ్‌ను విషపు సాల్వెంట్లు లేకుండా, కల్వంలో నిమ్మరసంతో నూరి తీయాలన్నది హుమేరా పంతం. కళ్ల ముందే తెల్లటి పొడి వచ్చేసరికి ముదస్సిర్ తన సీసాకు మూత పెట్టేశాడు. ఆ తర్వాత పాపం, తన పని మానేసి ఆమె నూరుతుంటే చూస్తూ కూర్చునేవాడు.

ఆమె చేతులు నొప్పెట్టేలా నిమ్మకాయలు పిండడం చూడలేక, బస్టాండ్ దగ్గర తండ్రి అమానుల్లా నడిపే సోడా బండి నుంచి ఓ సీసా రసం తెచ్చిచ్చాడు.

అంతే, పొడి రావడం ఆగిపోయింది. వరసగా మూడు రోజులు కల్వంలో జిగురే.

"శుక్రవారం దాకా చూస్త. రాకపోతే పాత పద్ధతికే పోవాలె అమ్మా," అన్నారు గైడ్ పద్మజ మేడం. మూడేళ్ల కష్టం. హుమేరా కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఆ సాయంత్రం బండి దగ్గరకెళ్లిన ముదస్సిర్‌కు జిగురు ఎందుకొస్తోందో అర్థమైంది. తండ్రి రసంలో చెంబెడు నీళ్లు పోస్తున్నాడు!

"అబ్బా, ఇదేంది?" అంటూ తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

"ఎండకాలం బేటా, నిమ్మకాయలు పిరం. రోజూ గిట్లనే."

మర్నాడు ముదస్సిర్ సంచెడు నిమ్మకాయలతో ఆమె ముందు నిలబడి అంతా చెప్పేశాడు.

"బజార్ల మా ఇజ్జత్ పోయినా సరే. నువ్వు ఏడుస్తుంటే చూడలేను. నువ్వంటే నాకు పానం, హుమేరా."

"మూడు రోజులు ఏడిపించి ఇప్పుడు జెప్తున్నవా? ముందు నిమ్మకాయలు కొయ్యి!"

శుక్రవారం మధ్యాహ్నానికి కల్వం నిండా తెల్లటి పొడి. తూకం వేస్తే, రావాల్సిన దాంట్లో తొంభై ఒక్క శాతం! పద్మజ మేడం చప్పట్లు కొట్టారు. ల్యాబంతా ఈలలు.

కొడుకు ఫోన్ చేస్తే అమానుల్లా సోడాలు పట్టుకుని వచ్చాడు. తల వంచుకునే హుమేరాకు గ్లాసు అందించాడు.

"మాఫ్ చెయ్యి బేటీ. ఇయ్యాల సుక్క నీళ్లు కలపలే."

హుమేరా ఒక గుక్క తాగింది. పులుపుకి కళ్లు మూసుకుని నవ్వింది.

"రేపటి నుంచి బండి మీద గూడ గిట్లనే ఉండాలె. నేనొచ్చి టెస్ట్ చేస్త, అబ్బా."

తన తండ్రిని ఆమె కూడా తనలాగే అబ్బా అని పిలవగానే ముదస్సిర్ చేతిలోని సోడా పొంగి చొక్కా అంతా తడిసింది. అతను పట్టించుకోలేదు. తను చెప్పిన మనసులో మాటకు జవాబు దొరికింది.