లోపల ఎవరూ లేరు

అక్కావాళ్ళు కొత్త ఇల్లు కడుతున్నప్పుడు నాకు అప్పజెప్పిన పని ఒక్కటే. గోడల మధ్య ఏం నింపాలో తేల్చడం. కాలేజీ మానేసి ఇంట్లో కూర్చున్నదాన్ని నేనే కదా.

"సందు ఖాళీ, నువ్వూ ఖాళీ. జోడీ కుదిరింది" అన్నాడు బావ.

బయట ఒక గోడ, లోపల ఒక గోడ, మధ్యలో బెత్తెడు సందు. అందులో ఏదో ఒకటి నింపితే చలీ చెమ్మా లోపలికి రావట. మాకది సోకు కాదు. అక్క కూతురికి ఎనిమిది నెలలు. అద్దింటి చెమ్మకి దాని ఛాతీలో ఎప్పుడూ పిల్లికూతలే. ఊపిరి తీసినప్పుడల్లా లోపలెక్కడో చిన్న పిల్లి ఇరుక్కున్నట్టు సన్నగా... కుయ్... కుయ్... అని. నా చెవులు మరీ పాము చెవులు. పక్క గదిలో పడుకున్నా వినిపించేది.

"చలికాలం వచ్చేలోపు పొడి గదిలోకి మార్చండి. తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు" అని డాక్టరమ్మ మొహం మీదే చెప్పేసింది.

మేస్త్రి థర్మాకోల్ బోర్డులు పెట్టించుకోమన్నాడు. "ఇటుకల వరస కట్టినప్పుడల్లా సందులోకి తొంగి చూసి పెడతామమ్మా. లోపల ఏముందో కంటికి తెలుస్తుంది" అన్నాడు. కానీ దానికి ఇంకో మూడు వారాలు పడుతుంది. దూదిలాంటిది ఇంకోటి ఉంది, అది చెమ్మ పీలిస్తే ఇక ఆరదు. మూడోది పూసలు. ఆవగింజల కంటే కాస్త పెద్దవి, తెల్లటి థర్మాకోల్ పూసలు. రెండు గోడలూ కట్టేశాక బయటి గోడకి చిల్లులు పెట్టి, జిగురు కలిపి పైపుతో లోపలికి ఊదేస్తారు. ఒక్క రోజు పని.

నాకు ఓపిక ఎక్కడేడిసింది? పూసలే అన్నాను.

పూసలాయన పొద్దున్నే లారీ వేసుకుని వచ్చాడు. ఆయనకో అలవాటు. ఊదబోయే ముందు గోడని మూడుసార్లు కొట్టి, చిల్లు దగ్గర నోరు పెట్టి అరుస్తాడు, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని. ఇంట్లో నిలబడ్డవాళ్ళు గోడకి చెవి ఆనించి విని, "ఎవరూ లేరు" అనాలి. అంటేనే మోటారు వేస్తాడు.

"ఇదేం పూజండీ బాబూ?" అని నవ్వాను.

"ఒకచోట సందులో పిల్లి దూరింది. తెలీక ఊదేశా." పైపు సర్దుకుంటూ అన్నాడు. "మూడు రోజులు అరిచిందట."

నవ్వు ఆపేశాను.

మూడు గోడలు అయ్యాయి. మూడుసార్లూ చెవి ఆనించాను, లేరు అన్నాను. మిగిలింది పాప గది గోడ. ఇంతలో అక్క ఫోన్ చేసింది. లోపల సిగ్నల్ లేక గేటు దాకా వెళ్ళాను. మాట్లాడుతుండగానే మోటారు చప్పుడు మొదలైంది. తిరిగొచ్చేసరికి ఆగిపోయింది కూడా.

"నేను రాకుండానే వేసేశారేంటి?"

"నువ్వే కదమ్మా ఎవరూ లేరన్నావు."

"నేను గేటు దగ్గరున్నాను."

ఆయన నా వంక చూశాడు. తర్వాత గోడ వంక చూశాడు.

"నీ గొంతే..." అన్నాడు మెల్లగా. ఖాళీ సంచులు లెక్కపెట్టి, "ఈ గోడకి పన్నెండు సంచులు పట్టాలి. తొమ్మిదికే నిండిపోయింది" అన్నాడు.

మూడు సంచులంత చోటు. అక్కడ అప్పటికే ఏదో ఉంది.

"విప్పి చూద్దామా?"

"విప్పడమంటే కూల్చడమే తల్లీ. మళ్ళీ కట్టాలి."

చలి అప్పుడే మొదలైంది. నాకు పాప ఛాతీయే గుర్తొచ్చింది.

"అక్కకి చెప్పకండి" అన్నాను.

ఆయన చెప్పలేదు. మిగిలిన మూడు సంచులూ మా గుమ్మం ముందే వదిలేసి వెళ్ళిపోయాడు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా వాటి కోసం రాలేదు.

కొత్తింట్లో చేరాం. గదులు వెచ్చగా, పొడిగా ఉన్నాయి. పాప గది గోడ మాత్రం ఒకచోట మరీ వెచ్చగా ఉండేది. చెయ్యి పెడితే... మనిషి వీపులా. నేనెవరికీ చెప్పలేదు. రోజూ తడిమి చూసేదాన్ని. మొదట్లో అది నా భుజం ఎత్తున ఉండేది. తర్వాత నడుము ఎత్తుకి దిగింది. తర్వాత ఉయ్యాల ఎత్తుకి.

ఒక మధ్యాహ్నం పాప మందు కోసం షాపుకి వెళ్ళాను. బయటికొస్తుంటే రోడ్డు మీద అక్క ఎదురైంది. ఒక్కతే.

"పాపేది?" అన్నాను.

"అదేంటే, నీ దగ్గరేగా!" అక్క మొహం పాలిపోయింది. "వెళ్ళొస్తా చూస్తుండవే అంటే, గదిలోంచి ఊఁ అన్నావు. జోల కూడా పాడుతున్నావు..."

నా చేతిలో మందు సీసా జారిపోయింది. ఇద్దరం పరిగెత్తాం.

పాప ఉయ్యాల్లోనే ఉంది. హాయిగా నిద్రపోతోంది. అక్క దాన్ని గుండెకి హత్తుకుని బావురుమంది. అది ఏడవలేదు.

మర్నాడు డాక్టరమ్మ ఛాతీ మీద స్టెత్ పెట్టి చాలాసేపు వింది. "ఒక్క పిల్లికూత లేదు. ఏం మార్చారు?" అంది.

"గోడలండీ" అంది అక్క గొప్పగా. "మా చెల్లే చూసి పెట్టింది."

ఆ సాయంత్రం నేనూ పాపా ఇద్దరమే ఉన్నాం గదిలో. కిటికీలోంచి ఎండ ఇంకా పడుతోంది. ఇల్లంతా నిశ్శబ్దం. నా పాము చెవులకి మాత్రం ఏదో తగిలింది. ఉయ్యాల వైపు నుంచి కాదు.

గోడకి చెవి ఆనించాను.

లోపల... ఆ బెత్తెడు సందులో... పూసల మధ్య...

కుయ్... కుయ్...

నాకు తెలుసు ఆ ఊపిరి. నెలల తరబడి విన్నాను. మెల్లగా మూడుసార్లు కొట్టాను.

"లోపల... ఎవరైనా ఉన్నారా?"

కూతలు ఆగిపోయాయి.

నా వెనక, ఉయ్యాల్లోంచి, నా గొంతుతో జవాబొచ్చింది.

"ఎవరూ లేరు."