హౌగాంగ్ సిమెంటు బల్ల మీద అలలు

సింగపూరులోని హౌగాంగ్‌లో ఆ ఫ్లాట్ల బ్లాకు కింద, గోడల్లేని ఖాళీ జాగాలో, లిఫ్టు వెనక ఒక పొడవాటి సిమెంటు బల్ల ఉంది. దానికి మంచి పేరు లేదు. అందులోనూ అది చైనీసువాళ్ళ దెయ్యాల నెల...

"రాత్రిళ్ళు అటు పోకు బాబూ," అంది మూడో అంతస్తు భానుమతి ఆంటీ, గోపీకృష్ణతో గుసగుసగా. "తెల్లబట్టలు... విరబోసిన జుట్టు... బోర్లా పడుకుని ఉంటుందిట."

ఈ మాట ఆవిడ బ్లాకులో తెలుగు మగవాళ్ళందరికీ చెప్పింది. ఆడవాళ్ళకి ఎందుకో చెప్పలేదు.

గోపీకృష్ణ నవ్వేశాడు. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ తెలియక కుప్పకూలతాయని నమ్మి, రాత్రింబవళ్ళు వాటికి వైద్యం చేస్తున్నవాడు. అలాంటివాడు దెయ్యాల్ని నమ్ముతాడా!

అతని బెంగ వేరు. భార్య నిఖిల, అతనిలాగే ప్రోగ్రామరు, ఇద్దరు ఆఫీసు స్నేహితురాళ్ళతో ఆస్ట్రేలియా పడమటి అంచుకి పోతానంటోంది. అక్కడ ఎడారి నేరుగా సముద్రంలోకి దిగుతుందట. ఊరు లేదు, కొట్టు లేదు, తాగే నీళ్ళు కూడా మోసుకుపోవాలి. అక్కడి అలల మీద సర్ఫింగ్ చేస్తారట — పలక మీద పడుకుని, చేతులతో నీళ్ళు తోసుకుంటూ పోయి, అల రాగానే దాని మీద లేచి నిలబడాలట. జీపు, గుడారం, నీళ్ళ డబ్బాలు అన్నీ మాట్లాడేసుకున్నారు. శుక్రవారంలోగా టికెట్టు కొనాలి.

వద్దు అనడం ఆధునిక భర్తకి నామోషీ. అందుకని షరతు పెట్టాడు.

"ముందు ఒక్కసారి లేచి నిలబడి చూపించు నిఖిలా. మర్నాడే టికెట్టు కొందాం."

సింగపూరు సముద్రానికి అలలుండవని తెలిసే పెట్టాడు.

గురువారం రాత్రి ఆఖరి బస్సు దిగాడు. వాన. లిఫ్టు వెనక దారే దగ్గర. చైనీసువాళ్ళు పితృదేవతలకి కాల్చిన కాగితాల బూడిద బూట్లకి అంటుకుంటోంది...

టప్... టప్...

బల్ల మీద తెల్లటి ఆకారం. బోర్లా. జుట్టు నేలదాకా వేలాడుతోంది. రెండు చేతులూ గాలిని తవ్వుతున్నాయి. చూస్తుండగానే — ఒక్క గెంతున లేచి, మోకాళ్ళు వంచి, చేతులు చాచి... నిలబడింది!

బ్యాగు ఎక్కడ పడిందో తెలీదు. లిఫ్టు కోసం ఆగే ధైర్యం లేదు. అంతస్తులన్నీ మెట్ల మీదే ఎక్కి, తలుపు తీసి ఇంట్లో పడ్డాడు. ఆ వెనకే నిఖిల వచ్చింది. ఎక్కణ్ణించని అడగడానికి అతనికి ఊపిరాడలేదు.

"దెయ్యం... బల్ల మీద... లేచి నిలబడింది!"

"ఎలా?"

"ఒక్క గెంతులో!"

"తూలిందా?"

"తూలడమా! పాతేసినట్టు నిలబడితేనూ!"

నిఖిల అతని బ్యాగు టేబుల్ మీద పెట్టింది. అప్పుడు చూశాడు — ఆమె ఒంటి మీద తన పాత తెల్లచొక్కా. చెమటకి మొహానికి అతుక్కున్న జుట్టు.

"సాక్షివి నువ్వే గోపీ. పొద్దున్నే టికెట్టు కొంటున్నా."

"అది... అల కాదుగా. బల్ల..."

"సరే, రేపు బ్లాకంతా చెబుతా. ఎవర్ని చూసి పరిగెత్తావో."

టికెట్టు కొన్నారు.

ఆమె విమానం ఎక్కిన రాత్రి గోపీకృష్ణ కావాలనే ఆ దారిన వచ్చాడు. ఇంకా భయమేమిటి, ఇంట్లో దెయ్యమే కదా! అదీ ఊళ్ళో లేదు.

టప్... టప్...

బల్ల మీద తెల్లటి ఆకారం. బోర్లా. చేతులు గాలిని తవ్వుతున్నాయి. వేలాడే జుట్టు మాత్రం ఈసారి నెరిసి ఉంది.

తలెత్తకుండానే అది గుసగుసలాడింది —

"చెప్పానుగా బాబూ... రాత్రిళ్ళు ఇటు రావద్దని."