ఎరల ఫ్రీజర్‌లో నవలలు

"తియ్యి! ముందు ఆ పుస్తకం మీద నుంచి చెయ్యి తియ్యి!"

లివియా నాతో మొదటిసారి మాట్లాడింది అలాగే. వరద తీసిన మర్నాడు లైబ్రరీలో తడిసిన పుస్తకాలన్నీ పారతో ఎత్తి రోడ్డు పక్క కుప్పలో పోస్తున్నాను. కింద బురద, పైన మళ్ళీ తుంపర. భూమికి ఈ దక్షిణపు కొసన వేసవి డిసెంబర్లో వస్తుంది, మా ఊళ్ళో వేసవంటే ఇంతే. క్రిస్మస్ కేకు అరక్కముందే నది ఇళ్ళలోకి వచ్చి కూర్చుంటుంది.

"తడిసినవన్నీ పారెయ్యమన్నారు," అన్నాను.

"ఎవరు?"

"కౌన్సిల్ వాళ్ళు."

"వాళ్ళ తలకాయలు కూడా తడిశాయిగా. వాటినీ పారెయ్యకపోయావా?"

నవ్వు వచ్చింది కానీ, ఆమె మొహం చూసి మింగేశాను. మోకాళ్ళ లోతు బురదలో దిగి, కుప్పలోంచి ఏరుకుంటోంది. అన్నీ టీనేజ్ నవలలే. వేసవి సెలవుల్లో పిల్లలు చదవడానికని లైబ్రరీ కిటికీ పక్కన ఒక అర ఉండేది. దాన్ని సర్దేది లివియా వాళ్ళ అక్క కార్లా. తనకి బాగా నచ్చిన నవలలు ఏరికోరి, తన సొంతవే తెచ్చి అందులో పెట్టేది. జూన్‌లో హైవే మీద కారు ప్రమాదంలో కార్లా పోయింది. అంత్యక్రియల రోజు ఊరంతా చర్చికి వెళ్ళింది. నేనూ వెళ్ళి వెనక వరసలో నిలబడ్డాను.

లైబ్రేరియన్ మోరీన్ గారు గుమ్మంలోంచి, "ఫ్రీజర్‌లో పెడితే బూజు పట్టవమ్మా. తర్వాత తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు. ఏం లాభం, ఊళ్ళో కరెంటే లేదు," అన్నారు.

"మా కొట్లో జనరేటర్ ఉంది," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

మాది జెట్టీ దగ్గర, చేపల గాలాలకి గుచ్చే ఎరల కొట్టు. ఫ్రీజర్ నిండా స్క్విడ్, రొయ్యలు, చిన్న చేపలు. లివియా నన్ను ఎగాదిగా చూసింది.

"పుస్తకాలు కంపు కొట్టవూ?"

"ఇక్కడేమన్నా అత్తరు కొడుతున్నారా?"

అలా ఆ నవలలన్నీ మా ఎరల పక్కన చేరాయి. ఎరల్లాగే తెల్ల కాగితంలో పొట్లాలు కట్టి, స్క్విడ్ మీది అరలో పేర్చాం.

ఇక రోజూ పొద్దున్నే వచ్చేది. రెండు పుస్తకాలు బయటికి తీసి, మంచు కరిగాక పేజీకీ పేజీకీ మధ్య పేపర్ టవల్ పెట్టి, ఫ్యాన్ ముందు నిలబెట్టేవాళ్ళం. పని చేస్తూ ఊరుకోలేక నేను కనబడిన పేజీ చదివేవాణ్ణి.

"ఈ పుస్తకాల్లో అబ్బాయిలందరికీ బూడిద రంగు కళ్ళేనా? మామూలు కళ్ళున్నవాణ్ణి ఎవరూ ప్రేమించరా?"

"మామూలు కళ్ళున్నవాళ్ళు చేపల కంపు కొడతారు బ్రెంట్."

"అంటే నా కళ్ళు చూశావన్నమాట."

"నోరు మూసుకుని టవల్ మార్చు."

బయట వాన మాత్రం ఆగేది కాదు. ఒక్కోసారి మాట మధ్యలో ఆమె ఆగిపోయి, పేజీ మీద టీ మరక వైపు చూస్తూ ఉండిపోయేది. అది కార్లా మరక. నేను ఫ్యాన్ కొంచెం ఇటు తిప్పేవాణ్ణి.

గుడ్డి గుర్రం నవలని మాత్రం చివరికి ఉంచింది. చూపు పోయిన గుర్రాన్ని అమ్మేశారని తెలిసి ఒక పిల్ల దాన్ని దొంగిలించి, ఎడారి మీదుగా ఇంటికి నడిపించుకొస్తుంది. కార్లా వారం వారం అది లైబ్రరీ నుంచి తెచ్చి, లివియాకి వరండాలో కూర్చుని పైకి చదివి వినిపించి, మళ్ళీ అరలో పెట్టేసేదట. "మిగతాది వచ్చేవారం," అని పేజీ మడిచి బయటికి వెళ్ళింది. ఆ వారం రాలేదు.

"కొత్తది కొనుక్కుని చదివెయ్యొచ్చుగా?" అన్నాను, బుద్ధిలేక.

"కొత్తదాంట్లో మా అక్క ఉండదు."

ఇంతలో నేను ఐస్ తేవడానికి వెళ్ళిన పూట మా నాన్న కొట్లో కూర్చున్నాడు. కళ్ళజోడు పెట్టుకోమంటే ముసలాడిలా కనిపిస్తానని పెట్టుకోడు మహానుభావుడు. నేను తిరిగొచ్చేసరికి ఫ్రీజర్‌లో పై అర ఖాళీ.

"నాన్నా, ఇక్కడి పొట్లాలేవి?"

"స్క్విడేగా? రస్‌కి ఇచ్చేశాను. ఇందాకే పడవేసుకుని వెళ్ళాడు."

జెట్టీ చివరిదాకా పరుగెత్తాను, పడవ లేదు. చేపల వేటకి రస్ వెళ్తే సముద్రం మీది నుంచి వారం దాకా రాడు. గుడ్డి గుర్రం కూడా ఆ పొట్లాల్లోనే ఉంది.

లివియా వస్తే చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "సరేలే," అని గొడుగు కూడా విప్పకుండా వానలో వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. కొట్లో ఫ్యాన్ ఉత్తినే తిరుగుతుంటే నాకు చచ్చేంత దిగులేసింది. ఆమె లేకపోతే నాకు ఏమీ తోచదని అప్పుడు తెలిసింది.

వరదకి తెగిన రోడ్డు బాగుపడగానే పక్క టౌను లైబ్రరీకి వెళ్ళి, గుడ్డి గుర్రం నవల ఇంకో ప్రతి తెచ్చుకున్నాను. స్కూల్లో ఒక్క నవలా పూర్తి చెయ్యనివాణ్ణి, వేలు పెట్టుకుని అక్షరం అక్షరం చదివాను. ఆఖరి పేజీ అయ్యాక కొట్టు వెనక్కి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

రస్ తిరిగొచ్చాడు. జెట్టీ మీదికి దిగుతూనే నా మీద పడ్డాడు.

"ఒరేయ్, మీ నాన్నకి మతి పోయిందా? గాలానికి గుచ్చుదామని పొట్లం విప్పితే వెన్నెల్లో ముద్దులట! మా కుర్రాళ్ళు పడీపడీ నవ్వారు."

"పుస్తకాలేవి రస్? పారేశావా?"

"పారేస్తానా? కార్లా పేరుంది వాటి మీద. ఇంజిన్ గదిలో తాడు కట్టి ఆరేశాను." గొంతు తగ్గించాడు. "ఆ గుర్రం పుస్తకమే... చివరి భాగం ముద్దైపోయిందిరా. ఎంత చూసినా విడిపోలేదు."

ఆ సాయంత్రం రెండు పుస్తకాలూ సంచిలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో ఒక్కతే కూర్చుని ఉంది. ఉబ్బిపోయిన కార్లా పుస్తకం చేతికిచ్చాను. ఒళ్ళో పెట్టుకుని, మడత పెట్టిన పేజీ వెతికింది. అక్కణ్ణించి అంతా గట్టి అట్టలా ఉంది.

"ఇంతవరకే ఉందన్నమాట," అంది.

"నేను ఇంకో ప్రతి తెచ్చి చదివాను. మొత్తం."

తలెత్తింది. "నువ్వా? ఎందుకు?"

"ఎందుకేంటి? నువ్వు రాకపోతే కొట్లో నాకు ఊపిరాడట్లేదు. నువ్వంటే ఇష్టం లివియా. ఇంకెలా చెప్పాలో తెలీక చదివాను."

పుస్తకం మూసి, దాని అట్ట మీద చెయ్యి వేసింది.

"గుర్రం ఇల్లు చేరుతుందా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. "చెప్పను. చదువుతాను," అన్నాను.

చదివాను. తడబడ్డాను. ఒక మాట రాక దాటేస్తే, "మింగకు," అంది. గుర్రం ఇల్లు చేరలేదు. గేటు కనిపించే దూరంలో పడుకుండిపోయింది. ఆ పిల్ల దాని చెవిలో, ఇల్లు వచ్చేసిందనీ, వాకిలి ఎలా ఉందో, చెట్టు ఎలా ఉందో చెబుతూ కూర్చుంది.

లివియా ఏడ్చింది. చర్చిలో ఆ రోజు కంట నీళ్ళు రాని పిల్ల, నా భుజం మీద తల పెట్టి భోరుమని ఏడ్చింది. నాకూ ఆగలేదు.

"చాలా ఘోరంగా చదువుతావు," అంది చివరికి, ముక్కు తుడుచుకుంటూ. తల మాత్రం తియ్యలేదు.

వెనక తలుపు చప్పుడైంది. వాళ్ళమ్మ. జూన్ నుంచి ఆవిడ వరండాలోకి రావడమే మానేసిందని ఊళ్ళో అనుకునేవాళ్ళు. ఎప్పటి నుంచి తలుపు వెనక నిలబడి ఉందో, గిన్నెలు తుడిచే గుడ్డని మొహానికి అదుముకుని ఉంది. నేను గబుక్కున లేవబోయాను.

"కూర్చో బాబూ," అంది. కార్లా కుర్చీ లాక్కుని మెల్లిగా కూర్చుంది. "నా పెద్దపిల్ల చదువుతుంటే వంటింట్లోంచి అరిచేదాన్ని, గొంతు తగ్గించవే అని. నేను కథ మొదలే వినలేదు. మొదట్నించి చదువుతావా?"

నా చేతిలోని ప్రతి పక్కన పెట్టి, లివియా ఒళ్ళోంచి కార్లా పుస్తకం తీసుకున్నాను. ఉబ్బిన మొదటి పేజీ తెరిచి, ఈసారి గొంతు పెంచి చదివాను.