కాటా గదిలో క్లారినెట్టు

బోధన్ నుంచి రెంజల్ పోయే దారిలో, చెరుకు తోటల మధ్య పాత కాటా గది ఒకటుంది. పోయిన చలికాలమంతా, చీకటి పడితే అటు వెళ్లొద్దని చిన్నాపెద్దా అందరూ చెప్పుకునేవారు. లోపల ఎవరో క్లారినెట్టు ఊదుతున్నారట... బైకు మీద పోయే మగధీరులు కూడా అక్కడికి రాగానే దేవుణ్ణి తలుచుకుని బండి ఉరికించేవారు.

నాకీ సంగతి చెప్పింది మహేందర్. ఊరి బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయిస్తాడు. మనిషి గట్టివాడే గానీ, దెయ్యం మాటెత్తితే మాత్రం చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేస్తాడు.

ఆ బ్యాండు పుట్టింది ఆ గది దగ్గరే. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు బండ్లు తూకం కోసం రాత్రంతా వరసలో ఆగేవి. నిద్ర పట్టని కూలీలు ఎక్కడెక్కడివో పాత బాకాలు, ఒక క్లారినెట్టు సంపాదించి, కాటా పక్కన కూర్చుని తమంతట తామే నేర్చుకున్నారు. మూడు తరాలు ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ వాళ్ల ఊపిరి మీదే నడిచాయి. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, డీజేలు వచ్చాయి. అయినా బ్యాండు చావలేదు. ఆ మొండితనమంటే నాకు భలే ఇష్టం.

వాళ్లకో కట్టుబాటుంది. ఊదే వాయిద్యం ఎంగిలి వస్తువు. ఊదేవాడు పోతే దాన్ని తెల్లగుడ్డలో చుట్టి కాటా గదిలో పెడతారు. కొడుకే వచ్చి ఆ గుడ్డ విప్పాలి. ఇంకెవరూ పెదవి ఆనించకూడదు.

వానాకాలంలో క్లారినెట్టు లింబయ్య పోయాడు. కొడుకులు లేరు. పాట ఎత్తుకునే క్లారినెట్టే లేకపోతే ఇక బ్యాండెక్కడిది? బ్యాండు పెద్దమనిషి మార్కండేయ ఆర్నెల్లు చూసి, కాటా గదిలో తాళం వేసి ఉంచిన వాయిద్యాలన్నీ అమ్మేద్దామన్నాడు. తెల్లారితే నిజామాబాద్ నుంచి టెంపో వస్తుంది.

ఆ రాత్రి మహేందర్‌కు నిద్ర రాలేదు. ఇరవై ఏళ్లు మెడలో మోసిన డ్రమ్మును చివరిసారి కిటికీలోంచైనా చూసుకుందామని, భయపడుతూనే బయల్దేరాడు.

సగం దారిలో వినపడింది... పెళ్లి ఎదుర్కోళ్లలో లింబయ్య ఊదే పాట. అదే ఎత్తు, అదే వంపు.

వెనక్కి తిరిగాడు కూడా—

పాట ఆగింది. ఒక్క క్షణం. మళ్లీ మొదలైంది. మళ్లీ అదే చోట తెగింది.

మహేందర్ చెవులు రిక్కించాడు. ఊదేవాళ్ల పక్కన ఏళ్ల తరబడి నిలబడ్డ మనిషి. అది దమ్ము చాలక ఆగడం... ఊపిరి పీల్చుకోవడానికి!

చచ్చినవాళ్లకు ఊపిరితో పనేముంది?

భయం పోయి కోపం వచ్చింది. గబగబా నడిచాడు. తలుపుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. పక్క కిటికీ తెరిచి ఉంది. సెల్లు లైటు లోపలికి కొట్టాడు.

విప్పిన తెల్లగుడ్డ. దాని పక్కనే, చేతిలో క్లారినెట్టుతో... లింబయ్య కూతురు నిరోష.

"నువ్వా చెల్లె! చలికాలమంత ఊరు జడుసుకుంటున్నది గద!"

"జడుసుకోనీ అన్న. జడిసిండ్రు గనుకనే ఇటు ఎవ్వరు రాలే. నేను నేర్సుకున్న."

"గది మీ బాపు ఎంగిలి..."

"సిన్నప్పుడు మా బాపు కంచంల నేను తినలేదా? గప్పుడు లేని ఎంగిలి గిప్పుడెట్ల వచ్చె?" ఆమె క్లారినెట్టును దగ్గరికి పొదువుకుంది. "తెల్లారితే దీన్ని తీస్కపోతరు. గా ఒక్క తావుల తెగకుంట ఊదితే సాలు, ఊరి ముందట నిలబడి అడుగుత. దమ్మే సాలుతలేదు."

మహేందర్ కిటికీలోంచి లోపలికి దిగాడు. డ్రమ్ము మెడకు తగిలించుకున్నాడు.

"మీ బాపుకు సుత సాలకపోతుండె. గా తావుల నేను రెండు దెబ్బలేస్త. గప్పుడు దమ్ము తీస్కో. ఎవ్వరికీ తెల్వది."

నిరోష ఎత్తుకుంది. తెగే చోట డ్రమ్ము ఉరిమింది. పాట తెగలేదు.

డ్రమ్ము మోతకు ఊళ్లో లైట్లు వెలిగాయి. కుక్కలు మొరిగాయి. కాసేపటికి టార్చి లైట్లు, కర్రలు, నలభై మంది జనం... అందరికీ ముందు మార్కండేయ. ఆయన టార్చి కిటికీ మీదికి తిప్పాడు.

"లిం... లింబయ్యా?"

నిరోష పాటను చివరిదాకా ఊదింది. అప్పుడు కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది.

"లింబయ్య గాదు పెద్దబాపు, లింబయ్య బిడ్డను. టెంపోకు ఫోన్ చెయ్యి. రావద్దను."