పాలు విరిగిన ముచ్చట

సిరిసిల్లలో పొద్దున సాంచెల, అంటే మరమగ్గాల చప్పుడు వినపడితే జనం ఇంకో కునుకు తీస్తారు. వినపడకపోతేనే ఏమైందోనని లేచి కూర్చుంటారు. ఆ రోజు చప్పుడు బాగానే ఉంది. సంపత్ చాయ్ తాగి మరమగ్గాల షెడ్డుకు పోయాడు. అతని భార్య బాలలక్ష్మి గిన్నెలు కడిగి, వాకిలి ఊడ్చి, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఎదురుగా అత్త శంకరవ్వ అప్పటికే కత్తెరతో తునికాకు కత్తిరిస్తోంది.

ఈ అత్తాకోడళ్ల సంగతి ముందే చెప్పుకోవాలి. బాలలక్ష్మికి ఊహ తెలియకముందే తల్లి పోయింది. పెళ్లై ఈ ఇంటికొచ్చాక ఆమె తలకు నూనె పెట్టి దువ్విన మొదటి ఆడమనిషి శంకరవ్వే. బీడీ చుట్టడం నేర్పింది ఆమే, కాన్పుకు పక్కన కూర్చుంది ఆమే. ఇరవై ఏళ్లు దాటింది, ఇద్దరూ అదే అరుగు మీద ఎదురెదురుగా కూర్చోవడం. కోడలికి నోరెక్కువ, అత్తకు నవ్వెక్కువ. ఇంక గొడవెక్కడిది?

బాలలక్ష్మి నోరంటే మామూలు నోరు కాదు. ఆమె మాటలు వినడానికే ఇరుగుపొరుగు ఆడవాళ్లు తమ చాటలు తెచ్చుకుని ఆ అరుగెక్కుతారు. ఆ రోజూ జమున, దేవవ్వ వచ్చారు. జమున ఫోన్‌ను చెంబుకు ఆనించి వార్తలు పెట్టుకున్నారు.

వార్తల్లో శ్రీహరి ఉన్నాడు. జానపదాలు పాడే శ్రీహరి, ఈ జిల్లావాడే. బాలలక్ష్మి ఫోన్ మోగితే వినపడేది అతని పాటే. బతుకమ్మ సభకు వచ్చినప్పుడు ఆమె అతనికి హారతి ఇచ్చింది. ఆ ఫొటో అద్దాల పటంలో గోడకు వేలాడుతోంది. ఇప్పుడు అతని బృందంలో కోరస్ పాడిన అమ్మాయి కేసు పెట్టింది. ఆరేళ్ల కింద ఏదో ప్రోగ్రాంకు పోయినప్పుడు లాడ్జిలో తనను బలాత్కారం చేశాడని.

"గా మొకం జూస్తె గసొంటోని లెక్క కనిపిస్తలేడు," అంది జమున.

"పైసల కోసం పెట్టి ఉంటది. లేకుంటె పేరు కోసం," అంది దేవవ్వ.

వార్త కింద జనం రాసినవి జమున కూడబలుక్కుని చదివింది. ‘అన్నా, మేమంతా నీ వెంట ఉన్నం.’ ‘ఆరేండ్లు ఏడ పండుకున్నది?’ శ్రీహరి ఫ్లెక్సీకి ఎవరో పాలు పోస్తున్నారు. చర్చలో నలుగురు ఒక్కసారే అరుస్తున్నారు. ఆ తర్వాత కేసు పెట్టిన పిల్ల మాట్లాడటం మొదలుపెట్టింది.

శంకరవ్వ కత్తెర ఆపింది. చేతిలో ఆకు పక్కన పెట్టింది. "బాలలక్ష్మీ, నీకో ముచ్చట చెప్పాలె," అంది.

"ఆగు అత్తా, జర గిది పంపి వింట," అంది కోడలు. అప్పటికే ఆమె నాలుక మీద ఓ మాట ఆడుతోంది. రాయడం రాదు కాబట్టి వాట్సాప్‌లో వాడకట్టు ఆడవాళ్ల గ్రూప్‌కు ఏది చెప్పినా గొంతుతోనే. తన ఫోన్ తీసి మైక్ గుర్తు నొక్కిపట్టింది.

"అక్కలారా, నాకొకటి సమజ్ అయితలే. మా ఇంట్ల పాలు విరిగితె నాకు గప్పుడే తెలుస్తది. ముక్కుకు వాసనొస్తది, కంటికి కనిపిస్తది. గీ పిల్లకేమో ఆరేండ్లకు తెల్సిందట. గిన్నె మీద మూత తియ్యలేదో ఏమో మరి."

దేవవ్వ నవ్వీ నవ్వీ చాటలోని జర్దా ఒలకబోసుకుంది. జమునకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. బాలలక్ష్మి కూడా తన మాటకు తనే మురిసిపోయి, "ఆఁ, ఇగ చెప్పు అత్తా," అంటూ తిరిగింది.

"ఏం లే. ఎండ కొడ్తంది," అని శంకరవ్వ చాట ఎత్తుకుని ఇంట్లోకి పోయింది. అరుగు మీదికి ఎండ ఇంకా రానే లేదు.

పొద్దుగూకేసరికి ఆ మాట ఊరు దాటింది. సంపత్ ఇంటికి వస్తూనే, "షెడ్డుల అందరు నీ ముచ్చటే వినవట్టిరి. సేటు గూడ నవ్విండు," అన్నాడు గర్వంగా. మంచిర్యాల నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసింది. దుబాయిలో ఉన్న మరిది కరుణాకర్‌కు వాళ్ల క్యాంపులో ఎవరో వినిపించారట. ఎవడో పుణ్యాత్ముడు దానికి వెనక సంగీతం కూడా పెట్టాడు. బాలలక్ష్మికి కాళ్లు నేల మీద ఆనలేదు.

కానీ ఆ రాత్రి శంకరవ్వ అన్నం తినలేదు. మర్నాడు చాట తీసుకుని పెరట్లో నీళ్ల గోలెం పక్కన కూర్చుంది. ఆ మర్నాడూ అంతే.

"పాణం మంచిగ లేదా అత్తా?"

"మంచిగనే ఉంది."

"మరి అరుగు మీదికి రారాదు?"

"ఈడ సల్లగుంది."

మొదట బాలలక్ష్మికి ఒళ్లు మండింది. నలుగురిలో నాకు పేరొస్తే ఈమెకేమిటి బాధ అనుకుంది. తర్వాత భయం పట్టుకుంది. ఎదురుగా అత్త లేకపోతే బీడీ చుడుతుంటే దారం జారిపోతోంది. జమున ఎంత వాగినా చెవికెక్కడం లేదు. లోకంలో ఆమెను బిడ్డా అని పిలిచే మనిషి ఒక్కతే ఉంది. ఆ ఒక్క మనిషీ మాట్లాడటం మానేసింది, ఎందుకో చెప్పడం లేదు. రెండుసార్లు పెరటి గుమ్మం దాకా పోయి, అడగడానికి నోరు రాక తిరిగొచ్చింది.

శనివారం మధ్యాహ్నం కూతురు హర్షిణి కరీంనగర్ నుంచి వచ్చింది. అక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. సంచి కూడా దించకుండా అడిగింది.

"అమ్మా, గా పాల ముచ్చట నువ్వే చెప్పినవా?"

"కరీంనగర్ దాక వచ్చిందా?" బాలలక్ష్మి నవ్వింది.

"మెస్సుల పెట్టిన్రు. అందరు నవ్విన్రు. నేను పళ్లెం ఇడిసిపెట్టి లేసొచ్చిన. నీ గొంతని ఒక్కలకు గూడ చెప్పలే."

"ఎందుకే, సిగ్గా నీకు?"

"సిగ్గే."

బాలలక్ష్మి ముఖంలో నవ్వు ఆగిపోయింది. "నేనేం తప్పన్న? అందరు అంటున్నదే నేనన్న. గాయన ఎంత మంచిగ పాడ్తడు, గసొంటోడు..."

"పాట మంచిగుంటె మనిషి మంచోడయితడా? చేసిండా లేదా అన్నది నాకు తెల్వది, నీకు తెల్వది. కోర్టు సూస్తది. నువ్వు మాత్రం అరుగు మీద కూసోనే తేల్చేసినవ్. గా పిల్ల చెప్పింది ఒక్క మాటన్న ఇన్నవా అమ్మా?"

వినలేదు. వార్తల్లో ఆ పిల్ల మాట్లాడుతున్నప్పుడే తను మైక్ నొక్కింది. బాలలక్ష్మి కూతురి వైపు చూసింది. ఆ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"హర్షీ, నీకేమన్న అయిందా బిడ్డా? ఎవడన్న..."

"నాకేం కాలే."

"నా మీద ఒట్టేయి."

"ఒట్టు. ఏం కాలే. నాకైతెనే కోపం రావాల్నా?" హర్షిణి చెయ్యి విడిపించుకుంది. "కని అయిందనుకో. నీకు చెప్తననుకున్నవా ఇగ? చెప్తె ముందుగాల ఏమడుగుతవ్? గప్పుడే ఎందుకు చెప్పలే అనే గదా?"

బాలలక్ష్మి కూతురి సంచి అందుకుని కింద దించింది.

"పాలు విరిగిన సంగతి గప్పుడే తెలుస్తది బిడ్డా."

ఇద్దరూ తిరిగి చూశారు. పెరటి గుమ్మంలో శంకరవ్వ నిలబడి ఉంది.

"తెల్వక గాదు. ఎవలకు చెప్పాల్నో తెల్వది," అంది ఆమె. నెమ్మదిగా వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. కోపం లేదు గొంతులో. బీడీల లెక్క చెబుతున్నట్టే చెప్పింది.

"నాకు పెండ్లయి ఏడాది. తల్లిగారింటికి పోయిన. ఊల్లెకు చిరుతల రామాయణం ఆట నేర్పెటందుకు పంతులొచ్చిండు. మంచి గొంతు ఆయనది. దినాం ఒక్కో ఇంటి నుంచి బువ్వ పంపుడు. మా వంతొచ్చిన నాడు అవ్వ నాతోని పంపింది."

ఆ గదిలో ఏం జరిగిందో ఆమె చెప్పలేదు. వాళ్లకు అర్థమైంది.

"ఉరికొచ్చి, కన్నతల్లి గదా అని అవ్వకు చెప్పిన. చెప్పలేదనుకోకు, గప్పుడే చెప్పిన. అవ్వ రొట్టెలు చేస్తంది. గా పిండి చేతితోనే నా నోరు మూసింది. మీ అత్తగారింట్ల ఎరుకయితె నిన్ను ఏలుకోరు, నోరు ముయ్యి అన్నది. నోట్లెకు పిండి పోయింది."

శంకరవ్వ జొన్నరొట్టె ముట్టదు. పిండి కలిపే చోట నిలబడదు. ‘మా అత్తకు రొట్టె చేస్తె నామోషీ’ అని బాలలక్ష్మి ఎన్నిసార్లు నలుగురిలో ఆటపట్టించిందో. అన్నిసార్లూ శంకరవ్వ నవ్వి ఊరుకుంది.

"ఆట నాడు ఆయనే రాముని ఏషం కట్టిండు. ఊరంత దండం పెట్టిన్రు. హారతి పళ్లెం అవ్వ నా చేతుల్నే పెట్టింది. ఇయ్యకపోతే నలుగురు ఎందుకని అడుగుతరు. ఇచ్చిన."

గోడ మీద పటంలో బాలలక్ష్మి శ్రీహరికి హారతి ఇస్తోంది. ఆమె అటు చూడలేక తల దించుకుంది.

"మీ మామకు తెల్వది. సంపత్‌కు తెల్వద్దు. గీ ఇంటికి నువ్వు వచ్చినంక ఎన్నోసార్లు నీకు చెప్దామనుకున్న. మొన్న వార్తలల్ల గా పిల్ల మాట్లాడుతుంటె పాణం కొట్టుకున్నది. ఇయ్యాల చెప్త అని ఆకు పక్కకు పెట్టిన. నువ్వు ఆగు అన్నవ్."

బాలలక్ష్మి నేల మీద కూర్చుంది. మోకాళ్ల మీద జరిగి పోయి, అత్త ఒళ్లో తల పెట్టింది. ఏడుపు ఆపుకోవడం ఆమెకు చేతకాలేదు. "నిన్నే నవ్విన అత్తా. నిన్నే నవ్విన," అంది.

"నువ్వు నన్ను నవ్వలే. నీకు ఎరుకలేదు," అంటూ శంకరవ్వ ఆమె తల నిమిరింది. బీడీలు చుట్టి చుట్టి గరుకెక్కిన వేళ్లు అవి. చిన్నప్పుడు తల్లి నిమరని తలను ఇన్నేళ్లు నిమిరిన వేళ్లు. హర్షిణి వచ్చి ఇద్దరి పక్కన కూర్చుని బాపమ్మ భుజం మీద చెంప ఆనించింది.

మర్నాడు పొద్దున బాలలక్ష్మి ఆ మాటను తీసేయమని కూతుర్ని అడిగింది. హర్షిణి ఫోన్ చూసి తల అడ్డంగా ఊపింది. ఇప్పుడు తీసినా మన ఫోన్‌లోంచే పోతుంది, జనం దగ్గరున్నది పోదు అంది. పోదని బాలలక్ష్మికీ తెలుసు. జమున, దేవవ్వ చాటలతో వచ్చి కూర్చున్నాక, వాళ్లెదుటే మైక్ గుర్తు నొక్కింది.

"నేను బాలలక్ష్మిని. మొన్న పాల ముచ్చట చెప్పింది నేనే. తప్పు మాట్లాడిన. శ్రీహరి చేసిండా లేదా నాకు తెల్వది. కని గా పిల్ల చెప్పింది ఇనకుండనే నవ్విన. నా మాట ఇని ఎవలకన్న నోరు మూసుకపోయి ఉంటె నన్ను మాఫ్ చెయ్యుండ్రి. ఎన్నేండ్ల కిందిదైనా సరే, నాకు చెప్పాలనిపిస్తె రాండ్రి. నవ్వ. నడుమల మాట్లాడ."

"గిదేందే? పిల్ల తిట్టిందా?" అంది జమున.

"తిట్టింది. మంచిగ తిట్టింది," అంది బాలలక్ష్మి. దేవవ్వ మాత్రం తన చాట బాలలక్ష్మి పక్కకు జరుపుకుంది.

ఈ మాట దుబాయికి పోలేదు, మంచిర్యాలకు కూడా పోలేదు. నవ్వొచ్చేది కాదు కదా, ఎవరు పంపుకుంటారు? గ్రూప్‌లో ఇద్దరు దండం బొమ్మ పెట్టారు, ఒకామె గ్రూప్‌లోంచే వెళ్లిపోయింది. సాయంత్రం సంపత్ వచ్చి గోడ మీద పటం ఏదని అడిగాడు. "దుమ్ము పట్టింది, తీసి లోపల పెట్టిన," అంది బాలలక్ష్మి. అంతకుమించి చెప్పడానికి అది ఆమె ముచ్చట కాదు.

సోమవారం పొద్దున హర్షిణి కరీంనగర్ బస్సెక్కింది. అరుగు మీద ఇంకా ఎవరూ రాలేదు. శంకరవ్వ పెరట్లోంచి చాట తెచ్చుకుని తన పాత చోట కూర్చుంది. బాలలక్ష్మి తునికాకు కట్ట ఆమె వైపు జరిపింది. అంతలో ఫోన్ మోగింది. పాట లేదు ఇప్పుడు, ఉత్త గంటే.

"అమ్మా, నీకొకటి చెప్పాలె," అంది హర్షిణి. బస్సు రొదలో గొంతు సరిగా వినపడటం లేదు. "నిన్ననే చెప్దామనుకున్న. భయమైంది."

బాలలక్ష్మి చేతిలో బీడీ విప్పుకుపోయింది. అయినా ఆగు అనలేదు, ఏమైంది ఎప్పుడైంది అని గాబరాపడలేదు. చాట కింద పెట్టింది.

"చెప్పు బిడ్డా. ఇంటున్న."

"పోయిన పరీక్షల్ల ఒక సబ్జెక్టు పోయింది. మీకు పాసైన అని చెప్పిన."

పోయిన ప్రాణం తిరిగొచ్చింది బాలలక్ష్మికి. వెనకే నాలుక మీదికి ఓ మాట కూడా వచ్చింది, వాడకట్టు వాడకట్టంతా పొట్ట పట్టుకుని నవ్వే మాట. దాన్ని మింగడానికి ఆమె పడ్డ పాటు చూసి శంకరవ్వ మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇన్ని రోజులకు అత్త నవ్వింది.

"పోతె పోయింది. మల్ల రాయి. చెప్పినవ్, గది మంచిగయింది," అంది బాలలక్ష్మి. ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంది.

శంకరవ్వ విప్పుకుపోయిన బీడీని తీసి మళ్లీ చుట్టింది. "మా అవ్వ గూడ నన్ను గట్ల చెప్పు బిడ్డా అని ఉంటె, నాకు గంతే సాలుతుండె," అంది.

బాలలక్ష్మి ఫోన్ తీసుకుపోయి ఇంట్లో పెట్టి వచ్చింది. ఈసారి ఎదురుగా కాకుండా అత్త పక్కనే కూర్చుంది.

"నాకు చెప్పు అత్తా. ఇంటున్న."

శంకరవ్వ చేతిలో ఆకు పక్కన పెట్టింది. దూరంగా షెడ్డుల్లో సాంచెలు మోగుతున్నాయి. ఆమె మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. బాలలక్ష్మి మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.