వెనక సీటులో ఉమాశ్రీ

ఆదివారం పొద్దున నల్లగండ్లలో బయలుదేరేటప్పటికి వాన లేదు. కిరణ్ కారు నడుపుతున్నాడు. పక్కన భార్య అశ్విని, వెనక సీటులో అతని చెల్లెలు ఉమాశ్రీ. ముగ్గురివీ ధర్మవరం వైపు ఊళ్ళే. హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చిన ఉమాశ్రీ మొన్నటిదాకా వీళ్ళింట్లోనే ఉంది. వదినకూ మరదలికీ పడలేదు. హాస్టల్ చూసుకోమని చెప్పింది అశ్వినే. అప్పటినుంచి ఆ పిల్ల వదినతో మాట మానేసింది. ఒక రోజంతా కలిసి తిరిగొస్తే ఆ బిగువు సడలుతుందని కిరణ్ ఆశ.

తొందరేమీ లేదు. శంకర్‌పల్లి దాటాక అద్దాల మేడలు వెనకబడ్డాయి. ప్లాట్ల బోర్డులు కూడా పలచబడ్డాయి. ఎర్రమట్టి చేలల్లో మోకాలెత్తు పత్తి, గట్ల మీద తంగేడు, దూరాన మబ్బు కప్పుకున్న గుట్టలు. నచ్చిన చోటల్లా ఆగారు. కాల్చిన మొక్కజొన్న పొత్తులు తిన్నారు. ఉమాశ్రీ అన్నతో నవ్వుతూనే ఉంది, వదిన ఏదైనా అడిగితే మాత్రం ఫోన్లోకి చూసుకుంది.

మధ్యాహ్నం ఒక రిజర్వాయరు ఒడ్డున బండలగుట్ట దగ్గర దిగారు. కింద నీళ్ళు కదలిక లేకుండా ఇనుప రంగులో ఉన్నాయి. పాచి వాసన. అంత పచ్చటి చోట ఒక్క పిట్టా కూయడం లేదు. ఫోటోలు తీసుకుంటూ ఉమాశ్రీ బండల చివరిదాకా వెళ్ళింది. అంతలోనే గాలి లేచి వాన విరుచుకుపడింది. అశ్విని, కిరణ్ తల మీద చేతులు పెట్టుకుని కారు వైపు పరిగెత్తారు. వాళ్ళు ఎక్కగానే వెనక తలుపు ధడాలున మూసుకుంది. అద్దంలో తడిసిన జుట్టు, కిటికీ వైపు తిప్పుకున్న మొహం కనిపించాయి. కిరణ్ బండి కదిలించాడు.

అద్దాలు మూసి ఉండడంతో ఆ పాచి వాసన కారంతా నిండింది.

"జర మెల్లగ పోనియ్యి అన్నా."

గొంతు ఉమాశ్రీదే. కిరణ్ నవ్వాడు. నెల తిరక్కుండానే హాస్టల్ పిల్లలు నీ మాట మార్చేశారే అని ఎగతాళి చేశాడు. వెనకనుంచి మళ్ళీ అదే గొంతు.

"ఆమెనెందుకు తెచ్చినవ్? గీడనే దించెయ్."

అశ్వినికి చెంప మీద కొట్టినట్టయింది. ఏదో అనబోయి అద్దంలోకి చూసింది. ఆ మొహం ఇంకా కిటికీ వైపే ఉంది. జుట్టులోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఇంతసేపైనా... ధార తెగకుండా.

అశ్విని ఒళ్ళో ఉన్న కిరణ్ ఫోన్ మోగింది. తెర మీద ఉమాశ్రీ పేరు. అశ్విని చెవికి ఆనించుకుంది.

"అన్నా, యాడికి పోయినావు? వాన నిలిచిపాయె. బండల కాడే ఉండా..."

లైను తెగింది.

ఎవరని కిరణ్ అడిగాడు. జవాబు వెనక సీటులోంచి వచ్చింది.

"ఎవరు లేరు. ఇగ నడువు."

అశ్విని ఫోన్‌ను ఒళ్ళో బోర్లించింది. తిరిగి చూడకూడదు... చూస్తే ఆ మొహం కూడా ఇటు తిరుగుతుంది. ఎందుకో ఆమెకు గట్టిగా అలాగే అనిపించింది.

ముందు రైల్వే గేటు పడి ఉంది. కారు ఆగింది. అశ్విని ఫోన్‌ను భర్త తొడ మీద పెట్టి, ఇప్పుడే వచ్చిన ఆ పేరును గోటితో చూపించింది. అతను చదివాడు. మెల్లగా అద్దంలోకి చూశాడు.

"దిగు," అంది ఆమె గుసగుసగా.

ఇద్దరూ తలుపులు తోసుకుని దిగి, గేటు పక్క గది దాకా పరిగెత్తారు. రైలు దడదడలాడుతూ పోయింది. తిరిగి చూస్తే వెనక సీటులో ఎవరూ లేరు. వెనక తలుపులు మూసినవి మూసినట్టే ఉన్నాయి. కిరణ్ దగ్గరికెళ్ళి తలుపు తీసి, చెయ్యి పెట్టి చూశాడు. సీటు పొడిగా ఉంది.

మళ్ళీ ఆ కారు ఎక్కాలంటే అశ్వినికి కాళ్ళు రాలేదు. అక్కడ ఆ పిల్ల ఒక్కతే ఉందన్నాడు కిరణ్. రెండోసారీ అదే అన్నాడు. మూడోసారి అననివ్వకుండా ఆమె ఎక్కింది. అద్దాలన్నీ దించి వెనక్కి పోనిచ్చారు. ఉమాశ్రీని మళ్ళీ ఇంటికే తెచ్చుకుందామని దారిలో అశ్విని తనంతట తానే చెప్పింది.

ఉమాశ్రీ బండ మీద నిలబడి ఉంది. కిరణ్ పరుగున వెళ్ళి పట్టుకున్నాడు. అన్న భుజం మీద వాలి భోరున ఏడ్చింది. అశ్విని కూడా దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది.

ఉమాశ్రీ తలెత్తి ఆమెను చూసింది. ఏడుపు ఆగిపోయింది. అన్న వెనక్కి జరిగింది.

"అన్నా... ఈమెను యాడినుంచి పిల్చుకొచ్చినావు?"

కిరణ్‌కు అర్థం కాలేదు.

"వదిన ఇంతసేపూ నా పక్కనే కూచోనుండె. నీ కారు సప్పుడు విని, కాళ్ళు కడుక్కొని వస్తానని ఇప్పుడే నీళ్ళ కాడికి దిగె."

అశ్విని భర్త వైపు తిరిగింది. "నేనే కదా..." అంది. కిరణ్ చెల్లెల్ని పొదివి పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

బండల కింద, నీటి అంచున, ఎవరో తీరిగ్గా చున్నీ పిండుతున్న చప్పుడు. తర్వాత రాళ్ళ మీదుగా పైకి వస్తున్న తడి అడుగులు.

కిరణ్ అటు చూడలేదు. అశ్వినినే చూస్తున్నాడు.