పెళ్లితో రద్దయ్యే వీలునామా

వకీళ్లారా, మా పెళ్లికి అడ్డం పడ్డది మీరే! కెజియాతో వీలునామా రాయించిన ఒకాయన అసలు సంగతి చెప్పలేదు. రెండో ఆయన సగం చెప్పి ఊరుకున్నాడు. నడుమ నలిగింది నేను, విక్టర్‌ని. కంగ్టి రూట్లో ఆటో నడుపుతాను.

నారాయణఖేడ్‌లో కెజియా టైలర్ షాపు ముందు, వాన దంచుతుంటే, టార్పాలిన్ పరదా కింద నిలబడి అడిగాను.

"మొన్న సరే అన్నవ్. ఇప్పుడు వద్దంటవేంది? ఇంకెవడన్న ఉన్నడా?"

కత్తెర పక్కన పెట్టి చూసింది. ఆ చూపు కంటే వానలో తడవడమే నయం.

"ఉంటే నీ ఆటోల ఎందుకు తిరుగుత, గా సీటు స్ప్రింగులు గుచ్చుకుంట?"

"మరేంది?"

"అమ్మ ఇచ్చిన ఇల్లు నా తర్వాత రూతుకే అని వీలునామా రాసిన. నేను పెళ్లి చేస్కుంటే గా వీలునామా రద్దయితదట."

రూతు ఆమె చెల్లెలు. నడవలేదు. లోపల గుండీలు కుడుతూ మా మాటలే వింటోంది.

"మా స్టాండుల దత్తు గూడ రాసిండు. పెళ్లయినా ఏం కాలే!"

"దత్తు హిందువు. మన క్రిస్టియన్లకు చట్టం వేరేనట."

నాకు బుర్ర తిరిగింది. "అయితే పొద్దుగాల చర్చిల పెళ్లి, పొద్దుమీకి మల్లొకటి రాయి."

"గా నడుమ నాకేమన్న అయితే? ఇంట్ల సగం నీకొస్తది."

"నేను రూతును బయటికి గుంజుతనా?"

"నువ్వు గుంజవు. మీ అన్న?"

అది నిజమే. మా అన్న గుంజుతాడు.

"రూతు కోసమని ఇల్లు ఒకరి పూచీల పెట్టి ట్రస్ట్ కాయితం చేస్తే, పెళ్లయినా చెడదట," అంది. "కానీ బతికుండంగనే ఇల్లు అండ్ల పెట్టాల్నట. రేపు నా ఇంట్ల నేనే కిరాయిదాన్నయితనా? మల్ల మార్చుకోవచ్చా? ఏం తెల్వది. అడిగితే గా రెండో వకీల్ సాబ్ ఇంగ్లిష్‌ల ఏందో అని ఫోన్ పట్టుకొని పోయిండు."

లోపలి నుంచి రూతు అరిచింది.

"నన్నెవరన్న అడుగుతుండ్రా? ట్రస్టే రాయిండ్రి. అక్క ఉన్నన్ని రోజులు అక్కే చూస్కుంటది, తర్వాత పాస్టర్ అయ్యగారు. నీ పేరు మాత్రం వద్దు, బావా!"

బావా! నా చెవులను నేనే నమ్మలేదు.

"నా పేరెందుకు? ఇల్లు నాకొద్దని రాసియ్యమన్నా రాసిస్త."

"గీ మాట ముందుగాల అనరాదా, పిచ్చోడా?" కెజియా జాకెట్ ముక్కతో నా తల తుడిచింది. కళ్లు మాత్రం నేలకేసి ఉన్నాయి.

నాకు ఇప్పటికీ సగం అర్థం కాలేదు. అందుకే, సగం చెప్పి పోయిన వకీల్ సాబ్, మా ముగ్గురినీ కూర్చోబెట్టి తెలుగులో విడమర్చి చెప్పు. ఇల్లు కెజియా చేతిలోనే ఉండాలి, రూతును ఎవడూ కదిలించొద్దు. అట్లా ట్రస్ట్ రాయి, రిజిస్టర్ చేయించు. పెళ్లికి ముందే. జల్దీ చెయ్యి, ఆమె మళ్లీ సరే అంది!